ల్యాప్‌టాప్ నిండింది సరే, డీ డ్రైవ్ తెరిచి చూశారా?

ప్రశ్న: శ్రీకాకుళంలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. అయిదేళ్ల కిందట కొన్న ల్యాప్‌టాప్‌లో సీ డ్రైవ్ గీత ఎర్రబడింది. 2 జీబీ కూడా మిగల్లేదు. విండోస్ అప్‌డేట్ సగంలో ఆగిపోతోంది. మొన్న ప్రశ్నపత్రం సేవ్ చేయబోతే చోటు లేదంది. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ అని చెప్పి అమ్మారు గాని సీ 118, డీ 119 మాత్రమే కనిపిస్తున్నాయి. డీ డ్రైవ్ జోలికి నేను ఎప్పుడూ వెళ్లలేదు. లోపల ఉన్నవి ఇవి: కరోనా కాలంలో చెప్పిన ఆన్‌లైన్ తరగతుల రికార్డింగులు, అను ఫాంట్లలో కొట్టిన ప్రశ్నపత్రాలు, నా ఫోనూ మావారి ఫోనూ నిండినప్పుడల్లా దించిన ఫోటోలు, మా పుట్టిల్లు విజయనగరంలో ఏటా తీసే సిరిమానోత్సవం వీడియోలు, నాన్నగారి షష్టిపూర్తి వీడియో. మా మరిది ఒక క్లీనర్ సాఫ్ట్‌వేర్ పంపాడు. షాపులో అడిగితే ‘ఫార్మాట్ చేస్తే కొత్తదానిలా అయిపోతుంది మేడమ్’ అన్నారు. ఏవి తీసేయాలి, ఏవి తీయకూడదు? లేక కొత్తది కొనుక్కోవాలా?
— ఒక ఉపాధ్యాయురాలు, శ్రీకాకుళం

జవాబు: టీచర్ గారూ, ఏవి తీసేయాలని అడిగారు. ఈ రోజుకు ఒక్క ఫైలు కూడా తీసేయకండి. మరిది గారు పంపిన క్లీనర్ వద్దు, షాపువారి ఫార్మాట్ అసలే వద్దు. మీ జాబులో మీరు మాటవరసకు రాసిన వాక్యంలోనే మందు ఉంది: డీ డ్రైవ్ జోలికి ఎప్పుడూ వెళ్లలేదన్నారు. అంటే ల్యాప్‌టాప్‌లో సగం చోటు అయిదేళ్లుగా ఖాళీగా పడి ఉంది. నిండింది మీ ల్యాప్‌టాప్ కాదు, అందులో ఒక గది.

ముందు మీ మనసులో ఉన్న చిన్న అనుమానం తీర్చేస్తాను. 256 చెప్పి 237 ఇచ్చారన్న లెక్కలో ఎవరూ మిమ్మల్ని మోసం చేయలేదు. తయారీదారులు జీబీ అంటే వంద కోట్ల బైట్లని లెక్కిస్తారు. విండోస్ మాత్రం 1024ను మూడుసార్లు గుణించి, 107 కోట్ల పైచిలుకు బైట్లను ఒక జీబీ అంటుంది. అందుకే 256 కాస్తా 238 అవుతుంది. మీ సీ, డీ రెండూ కలిపితే 237. మిగిలిన కాస్త విండోస్ తన మరమ్మతు సామగ్రి కోసం కనబడకుండా దాచుకుంటుంది.

ఒకే ఎస్‌ఎస్‌డీని, అంటే ఫైళ్లన్నీ దాచే డిస్కును, ఇలా రెండుగా చీల్చి ఇవ్వడం మన షాపుల్లో పాత అలవాటు. విండోస్ పాడై సీ చెరిపేయాల్సి వచ్చినా డీలో ఉన్నవి మిగులుతాయని వారి ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. ఆ సంగతి కొన్నవారికి ఎవరూ చెప్పరు, అదే చిక్కు. మీరు డెస్క్‌టాప్ మీద పెట్టేవి, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్, వీడియోస్ అన్న ఫోల్డర్లలో పడేవి అన్నీ విండోస్ తనంతట తాను సీలోనే పెడుతుంది. మీరు చెప్పేవరకు డీ వైపు కన్నెత్తి చూడదు.

కాబట్టి మొదటి పని చూడడం. సెట్టింగ్స్ తెరిచి, సిస్టమ్‌లో స్టోరేజ్ మీద నొక్కండి. ఒక నిమిషం ఆగితే ఏ రకం సరుకు ఎంత తింటోందో గీతలుగా చూపిస్తుంది: యాప్స్, టెంపరరీ ఫైల్స్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, వీడియోస్. ఇంకా నిశితంగా చూడాలంటే విన్‌డర్‌స్టాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. డిస్కు మొత్తాన్ని రంగురంగుల గళ్లుగా పరిచి, పెద్ద ఫైలుకు పెద్ద గడి, చిన్న ఫైలుకు చిన్న గడి చూపిస్తుంది. ఏదీ దించుకోవడం ఇష్టం లేకపోతే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో సీ డ్రైవ్ తెరిచి, పైన ఉన్న వెతికే పెట్టెలో నక్షత్రం గుర్తు (*) కొట్టగానే వచ్చే సెర్చ్ ఆప్షన్స్‌లో సైజు అన్నది ఎంచుకోండి. అందులో జైగాంటిక్ అంటే 4 జీబీకి పైబడినవి, హ్యూజ్ అంటే 1 నుంచి 4 జీబీ మధ్యవి. మీ విషయంలో ఆ జాబితా చాలా పొడుగు ఉండదని నా అంచనా. ఓ పాతిక, ముప్ఫై ఫైళ్లే సగం డ్రైవును ఆక్రమించి కూర్చుంటాయి.

ఈ చూడడం ఎందుకంటే, చోటు లేదనగానే చాలామంది చేసే పని చిన్నవాటిని ఏరడం. జీవోల పీడీఎఫ్‌లు, జీతం స్లిప్పులు, పాత ప్రశ్నపత్రాలు ఒక్కొక్కటే తెరిచి, చదివి, ఉంచాలా వద్దా అని తర్జనభర్జన పడి, ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకుంటారు. సాయంత్రానికి మిగిలేది పట్టుమని వంద ఎంబీ ఉండదు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. మీరు ఇన్నేళ్లుగా తయారుచేసిన ప్రశ్నపత్రాలన్నీ కలిపినా షష్టిపూర్తి వీడియోలో ఒక మంగళహారతి అంత ఉండవు. వాటిని వాటి మానాన వదిలేయండి.

ఇక జరపడం. డీ డ్రైవ్‌లో ముందుగా ‘నా ఫైళ్లు’ అనో, మీ ఇష్టం వచ్చిన పేరుతోనో ఒక ఫోల్డర్ చేసుకోండి. అందులో డాక్యుమెంట్స్, పిక్చర్స్, వీడియోస్ అని మూడు ఉప ఫోల్డర్లు చేయండి. ఇప్పుడు సీలో ఉన్న పిక్చర్స్ ఫోల్డర్ మీద మౌస్ కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌కు వెళ్తే లొకేషన్ అనే ట్యాబ్ కనిపిస్తుంది. అక్కడ మూవ్ నొక్కి, డీలో మీరు చేసిన పిక్చర్స్ ఫోల్డర్‌ను చూపించండి. ఉన్న ఫోటోలన్నీ అటు వెళ్తాయి, ఇకపై వచ్చేవి కూడా అక్కడికే చేరతాయి. ఇక్కడ ఒక్క జాగ్రత్త: ఉప ఫోల్డర్ చూపించకుండా నేరుగా డీ డ్రైవ్‌నే చూపిస్తే విండోస్ మొత్తం డీ డ్రైవ్‌నే మీ పిక్చర్స్ ఫోల్డర్‌గా భావిస్తుంది. ఆ తర్వాత దాన్ని వెనక్కి తిప్పడం పెద్ద తలనొప్పి. అందుకే ఫోల్డర్ ముందు, మూవ్ తర్వాత.

వీడియోల వంటి పెద్ద సరుకు మాత్రం నేనైతే చేత్తోనే కాపీ చేస్తాను. కట్ చేసి పేస్ట్ చేయను. సీ నుంచి డీకి కాపీ చేసి, రెండు వైపులా ఫోల్డర్ ప్రాపర్టీస్ తెరిచి, ఫైళ్ల సంఖ్య, మొత్తం పరిమాణం సరిపోయాయో లేదో చూసి, రెండు మూడు వీడియోలు డీ నుంచి ఆడించి చూసి, అప్పుడు సీలోవి తీసేయాలి. కరెంటు పోయినా, మధ్యలో ల్యాప్‌టాప్ ఆగిపోయినా పాతది పాతచోటే ఉంటుంది. తీసేశాక రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తేనే చోటు దక్కుతుంది. బిన్‌లో ఉన్నంతకాలం ఆ ఫైళ్లు సీలో ఉన్నట్టే. ‘అన్నీ తీసేశాను, అయినా ఎర్రగీత పోలేదు’ అని రాసేవారిలో చాలామంది ఆగింది ఈ బిన్ దగ్గరే.

సాఫ్ట్‌వేర్లను మాత్రం ఇలా లాక్కెళ్లకండి. ప్రోగ్రామ్ ఫైల్స్, విండోస్ అన్న ఫోల్డర్లు ఎంత పెద్దగా కనిపించినా వాటి జోలికి వెళ్లవద్దు. విండోస్ ఫోల్డర్‌లో విన్‌ఎస్ఎక్స్ఎస్ అని ఒకటి భయపెట్టేంత పెద్దగా ఉంటుంది. అది నిజానికి కనిపించినంత ఉండదు, ఒకే ఫైలు రెండు మూడు చోట్ల లెక్కకు వస్తుంది. చేత్తో చెరిపితే విండోస్ లేవదు.

మీ ఫోటోల సంగతికి వద్దాం. అసలు పని ఇక్కడే ఉంది.

ఫోను నిండినప్పుడల్లా దించాను అన్నారు. అంటే మీ డ్రైవులో ‘ఫోన్ ఫోటోలు’, ‘ఫోన్ ఫోటోలు కొత్తవి’, ‘ఫోన్ మొత్తం’, ‘ఫోన్ ఫైనల్’ వంటి ఫోల్డర్లు వరుసగా ఉండి ఉంటాయి. ప్రతిసారీ ఫోనులో ఉన్నదంతా దించుతాం గాని, దించాక ఫోనులోంచి అన్నీ తీసేయము కదా. అందువల్ల 2021లో తీసిన ఫోటో 2021 ఫోల్డర్‌లో ఉంటుంది, 2022లో ఉంటుంది, 2023లోనూ ఉంటుంది. ఒకే అమ్మాయి ఓణీల వేడుక మూడు చోట్ల మూడేసి జీబీలు తింటూ ఉంటుంది.

అలాగని పాత ఫోల్డర్లన్నీ తీసేసి చివరిది ఉంచుకుంటే సరిపోతుందా? సరిపోదు. మధ్యలో ఎప్పుడో ఫోనులో చోటు కోసం మీరు చెరిపేసిన ఫోటోలు పాత ఫోల్డర్‌లో మాత్రమే మిగిలి ఉంటాయి. అందుకని అన్నింటినీ ఒకచోట కలపాలి. డీలో కొత్త ఫోల్డర్ చేసి, ముందు అన్నింటికన్నా పాత ఫోల్డర్‌లోని కెమెరా ఫోటోలు అందులో వేయండి. తర్వాత దానికంటే కొత్తది వేయండి. ‘ఈ పేరుతో ఫైళ్లు ఇప్పటికే ఉన్నాయి’ అని విండోస్ అడుగుతుంది. అప్పుడు స్కిప్ అన్నది ఎంచుకోండి. లేనివి మాత్రమే చేరతాయి, ఉన్నవి రెండోసారి రావు.

కానీ మీ ఫోనువీ, మీవారి ఫోనువీ ఒకే ఫోల్డర్‌లో ఇలా కలపకండి. వాట్సాప్ తన ఫోటోలకు పెట్టే పేరు చూడండి: ఐఎంజీ, ఆ తర్వాత తేదీ, ఆ తర్వాత డబ్ల్యూఏ0001, డబ్ల్యూఏ0002 అని వరుస సంఖ్య. ఒకే రోజు మీ ఫోనుకు వచ్చిన మొదటి ఫోటోకూ, ఆయన ఫోనుకు వచ్చిన మొదటి ఫోటోకూ అదే పేరు పడుతుంది. మీది మనవరాలి ఫోటో కావచ్చు, ఆయనది ఎవరో పంపిన పెళ్లి శుభలేఖ కావచ్చు. పేరు ఒకటే కాబట్టి స్కిప్ అంటే ఒకటి రాదు, రీప్లేస్ అంటే ఒకటి పోతుంది. అందుకే ఫోనుకో ఫోల్డర్.

వాట్సాప్ ఫోల్డర్‌ను మొత్తంగా దించి ఉంటే, అందులో ఇంకో రెండు గుప్తనిధులు ఉంటాయి. డేటాబేసెస్ అనే ఫోల్డర్‌లో మీ సంభాషణల బ్యాకప్‌లు గత వారం రోజులవి వరుసగా ఉంటాయి. ఫోనుకు అవి కావాలి గాని, ఎప్పుడో దించిన ఆ పాత ప్రతులు ల్యాప్‌టాప్‌లో పనికిరావు. రెండోది ఇమేజెస్, వీడియోస్ లోపల ఉండే సెంట్ అనే ఫోల్డర్. మీరు ఇతరులకు పంపిన ప్రతి ఫోటోకు, వీడియోకు ఒక నకలు అక్కడ పడుతుంది. మీరు తీసి పంపినవైతే వాటి అసలు ప్రతి కెమెరా ఫోల్డర్‌లో ఉంటుంది, నిశ్చింతగా తీసేయవచ్చు. అసలు ఉందో లేదో చూసి తీయండి మరి.

దీన్ని తిరగేసి మాత్రం ఎప్పుడూ చేయకండి. ‘వాట్సాప్‌లో ఉంది కదా’ అని కెమెరా అసలును తీసేసేవారు ఉంటారు. వాట్సాప్ మామూలుగా పంపేటప్పుడు ఫోటోను, వీడియోను కుదించి పంపుతుంది. ఫోను తెర మీద తేడా తెలియదు. రేపు నాన్నగారి ఫోటోను పెద్దది చేయించి పటం కట్టించాలనుకున్నప్పుడు తెలుస్తుంది.

శుభోదయాలు, పండుగ శుభాకాంక్షలు, ఉపాధ్యాయ సంఘాల గ్రూపుల్లో తిరిగే కరపత్రాలు ఎలాగూ ఉంటాయి. ఫోల్డర్‌లో బొమ్మలు పెద్దవిగా కనిపించేలా పెట్టుకుని, కంట్రోల్ మీట పట్టుకుని గులాబీలను, సూర్యోదయాలను గుత్తగా ఎంచి తీసేయడం టీవీ చూస్తూ చేయగల పని. ఇకపై పేరుకోకుండా ఉండాలంటే ఇద్దరి ఫోన్లలోనూ వాట్సాప్ సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ అండ్ డేటాకు వెళ్లి, మీడియా తనంతట తాను దిగడం ఆపేయండి. కావలసినది వేలితో నొక్కితే దిగుతుంది.

సిరిమాను వీడియోల గురించి ఒక మాట, మీరు ఏమీ అనుకోనంటే. మూడు లాంతర్ల దగ్గర జనంలో నిలబడి, సిరిమాను ఎప్పుడు కదులుతుందో తెలియక ఫోను పైకెత్తి పట్టుకుంటాం. తీసిన పావుగంటలో పద్నాలుగు నిమిషాలు ముందున్నవారి తలలు, పక్కవారి ఫోన్లు, పోలీసుల ఈలలు. సిరిమాను చివర పూజారి కనిపించేది కాసేపే. పైగా మాను ఆలయానికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది కాబట్టి మూడుసార్లూ తీస్తాం. అన్నీ ఉంచుకోవాలని ఉంటుంది, నిజమే. కానీ ఏడాదికి ఒకటో రెండో బాగా వచ్చినవి ఎంచి ఉంచితేనే తర్వాత ఎవరైనా తెరిచి చూస్తారు. ఎంచిన దాన్ని కూడా ఫోనులోనే ముందూ వెనకా కత్తిరించి, అప్పుడు దించండి. మీ ఫోను కెమెరా 4కే మీద ఉందేమో చూడండి. ఫుల్ హెచ్‌డీతో పోలిస్తే 4కేలో చుక్కలు నాలుగు రెట్లు. నిమిషం వీడియో వందల ఎంబీలు తింటుంది. జనంలో చేయి వణుకుతూ తీసే వీడియోకు ఫుల్ హెచ్‌డీ చాలు. చుట్టాల ఇంట పెళ్లికో, నాన్నగారి కబుర్లు రికార్డు చేయడానికో 4కే పెట్టుకోండి.

ఫోటోలను, వీడియోలను జిప్ చేస్తే తగ్గుతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. అవి పుట్టడమే కుదించుకుని పుడతాయి. జిప్ చేసినా దాదాపు అంతే ఉంటాయి, చూడాలంటే మళ్లీ విప్పాలి.

ఆన్‌లైన్ తరగతుల రికార్డింగులు జూమ్‌లో చేసినవైతే డాక్యుమెంట్స్‌లో జూమ్ అనే ఫోల్డర్‌లో తేదీల వారీగా ఉంటాయి. మీరు అడగకపోయినా నా అభిప్రాయం చెబుతాను: వీటిలో ఎక్కువ భాగం తీసేయదగ్గవి. ‘వినబడుతోందా? మ్యూట్ తీయండి’ అన్నది సగం, హాజరు పావు. మీకు నచ్చిన పద్యం పాఠం ఒకటో రెండో ఉంచుకోండి. పిల్లలు పద్యం అప్పజెప్పినది ఉంటే అది తప్పక ఉంచండి, ఈపాటికి వాళ్లు ఇంజినీరింగులో ఉంటారు, ఎప్పుడైనా చూపిస్తే సంబరపడతారు. మిగిలినవి పోతే మీకు కనీసం 15, 20 జీబీలు రావచ్చు.

డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను సైజు ప్రకారం పేర్చి చూడండి. ఒకే పాఠ్యపుస్తకం పీడీఎఫ్ పేరు పక్కన బ్రాకెట్లో 1, 2, 3 అంటూ నాలుగుసార్లు దిగి ఉంటుంది. ఎప్పుడో వేసిన ప్రింటర్ సాఫ్ట్‌వేర్ కూడా అక్కడే ఉంటుంది. ఇంట్లో టెలిగ్రామ్‌లో సినిమాలు చూసేవారు ఉంటే డౌన్‌లోడ్స్ లోపల టెలిగ్రామ్ డెస్క్‌టాప్ అనే ఫోల్డర్ తెరవండి. ఎవరు ఏమి చూస్తున్నారో కూడా తెలుస్తుంది.

టెంపరరీ ఫైల్స్ పని అయిదు నిమిషాలది. సెట్టింగ్స్‌లో అదే స్టోరేజ్ పేజీలో టెంపరరీ ఫైల్స్ నొక్కితే జాబితా వస్తుంది. విండోస్ అప్‌డేట్ క్లీనప్, డెలివరీ ఆప్టిమైజేషన్, టెంపరరీ ఇంటర్నెట్ ఫైల్స్, థంబ్‌నెయిల్స్ అన్నింటికీ టిక్ పెట్టి తీసేయవచ్చు. జాబితాలో డౌన్‌లోడ్స్ అని కూడా ఉంటుంది. దానికి మాత్రం టిక్ పెట్టకండి, అది మీ సొంత సరుకు. ఈమధ్యే విండోస్ 10 నుంచి 11కు మారి ఉంటే ‘ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్’ అన్నది పది, ఇరవై జీబీలు ఉండవచ్చు. అది పాత విండోస్‌కు తిరిగి వెళ్లే దారి. మామూలుగా పది రోజుల తర్వాత దానంతట అదే పోతుంది. కొత్తది బాగానే నడుస్తుంటే ముందే తీసేసినా నష్టం లేదు. అక్కడే స్టోరేజ్ సెన్స్ అనే మీట ఉంది, దాన్ని వేసి ఉంచితే ఇకపై ఈ చెత్త తీసే పని విండోస్ చూసుకుంటుంది. దాని సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్స్ దగ్గర ‘నెవర్’ అనే ఉందో లేదో ఒకసారి చూడండి.

మీది ఇంకా విండోస్ 10 అయితే ఈ పని వాయిదా వేయకండి. దానికి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 11కు మారే ముందు సీలో 20, 30 జీబీలు ఖాళీ చూపిస్తే అప్‌డేట్ మధ్యలో అలగదు. ఆ తర్వాత కూడా సీలో 15 శాతం దాకా ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. ఎస్‌ఎస్‌డీ అంచుల దాకా నిండితే లోపల సర్దుకోవడానికి చోటు లేక నెమ్మదిస్తుంది.

మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ నిల్వ వన్‌డ్రైవ్ గురించి మీరు రాయలేదు గాని, టాస్క్‌బార్‌లో నీలి మేఘం గుర్తు ఉంటే జాగ్రత్త. విండోస్ చాలాసార్లు మీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్‌ను వన్‌డ్రైవ్‌కు కట్టేస్తుంది. అలా కట్టి ఉంటే నేను పైన చెప్పిన లొకేషన్ మార్పు చేయకముందు వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో ఆ బ్యాకప్ ఆపాలి. అక్కడ ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. ముఖ్యంగా తెలియాల్సింది: వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో ఒక ఫైలును తీసేస్తే మేఘంలోనూ పోతుంది, మీ ఫోనులోని వన్‌డ్రైవ్‌లోనూ పోతుంది. ల్యాప్‌టాప్‌లో మాత్రమే చోటు కావాలంటే ఫైలు మీద కుడి మీట నొక్కి ‘ఫ్రీ అప్ స్పేస్’ అనాలి. గూగుల్ ఫోటోస్‌లో అన్నీ ఉన్నాయనే ధీమా కూడా వద్దు. హద్దులేని ఉచిత నిల్వ 2021 జూన్ 1తో పోయింది. ఇప్పుడు మెయిలు, డ్రైవ్, ఫోటోలు అన్నింటికీ కలిపి 15 జీబీ. అది నిండిన రోజు నుంచి కొత్త ఫోటోలు పైకి వెళ్లడం ఆగిపోతుంది.

క్లీనర్ వద్దని ఎందుకన్నానో చెప్పాలి. అది చేసే మంచి పని ఏదైనా ఉంటే విండోస్‌లోనే ఉంది. మిగిలింది రిజిస్ట్రీని, అంటే విండోస్ తన సెట్టింగులు రాసుకునే చిట్టాను, శుభ్రం చేస్తామనడం. దానివల్ల మిగిలే చోటు ఏమీ ఉండదు, అది పాడైతే విండోస్ మొరాయిస్తుంది. ‘మీ కంప్యూటర్లో 1,400 సమస్యలు ఉన్నాయి’ అని ఎర్రక్షరాలతో బెదిరించి డబ్బు అడిగేవి కూడా ఈ జాతిలోనే ఉన్నాయి. మరిది గారితో మొహమాటమైతే, వేశానని చెప్పండి.

ఫార్మాట్ సంగతి ఇంకా గట్టిగా చెబుతాను, ఎందుకంటే మీకు అను ఫాంట్లున్నాయి. అనులో కొట్టిన ప్రశ్నపత్రం యూనికోడ్ తెలుగు కాదు. ఆ ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగు. ఫార్మాట్ చేసి ఫాంట్లు పోయాక అదే ఫైలు తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసిన కలగాపులగం కనిపిస్తుంది. షాపు కుర్రవాడు ఫైలు తెరుచుకుందా లేదా అని చూస్తాడు గాని, అందులో ‘కింది పద్యానికి ప్రతిపదార్థం రాయండి’ అని కనిపిస్తోందా లేదా అని చూడడు. అందువల్ల ఫార్మాట్ ఉన్నా లేకున్నా, ముఖ్యమైన ప్రశ్నపత్రాలన్నింటికీ పక్కనే ఒక పీడీఎఫ్ ప్రతి చేసి పెట్టుకోండి. పీడీఎఫ్ తనలో ఫాంటును మోసుకెళ్తుంది, ఏ యంత్రంలోనైనా తెలుగుగానే కనిపిస్తుంది. ఇంకొకటి, ఫార్మాట్ అన్నప్పుడు సీ ఒక్కటే చేయమని చెప్పినా, పని తొందరలో ఉన్న చేతులు రెండు డ్రైవులనూ కలిపి చెరిపేయడం కొత్తేమీ కాదు.

డీలో పెట్టాం కదా, ఇక భద్రమేనా అంటే కాదు. సీ, డీ రెండూ ఒకే ఎస్‌ఎస్‌డీ మీద గీసిన రెండు భాగాలు. ఎస్‌ఎస్‌డీ పోతే రెండూ ఒకేసారి పోతాయి. పైగా వెనకటి హార్డ్‌డిస్కులో పొరపాటున చెరిపిన ఫైలును సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి రప్పించే వీలు కొంత ఉండేది. ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ అనే ఏర్పాటు ఉంది. బిన్ ఖాళీ చేయగానే ఆ ఫైలు ఉన్న చోటును తుడిచి సిద్ధంగా పెట్టమని విండోస్ చెప్పేస్తుంది. తర్వాత ఎవరి దగ్గరికి తీసుకెళ్లినా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

అందుకని 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు ఒకటి కొనండి. సొరుగులో ఏళ్ల తరబడి పడి ఉండడానికి పెన్‌డ్రైవ్ కంటే, ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ కంటే హార్డ్‌డిస్కే మేలు, ధర కూడా తక్కువ. ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకు 2 టీబీ పెన్‌డ్రైవ్ అని కనిపిస్తే అది నకిలీ. లోపల ఉన్నది 32 జీబీయో 64 జీబీయో. నిండాక కూడా ఎక్కించుకుంటున్నట్టే నటించి, పాతవాటిని పాడుచేస్తుంది. షష్టిపూర్తి వీడియోను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించబోతే, ఖాళీ ఉన్నా ‘ఫైలు మరీ పెద్దది’ అందంటే ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఉందన్నమాట. అందులో ఒక్కో ఫైలు 4 జీబీకి మించకూడదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి వేరేచోట పెట్టుకుని, దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే ఎక్కుతుంది.

ఆ హార్డ్‌డిస్కును శ్రీకాకుళంలో ల్యాప్‌టాప్ పక్కనే పెట్టుకోకండి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మీ జిల్లా ఏమైందో నేను మీకు చెప్పాలా? ఉద్దానంలో కొబ్బరితోటలకు తోటలే నేలకూలాయి. గాలికీ నీటికీ ల్యాప్‌టాప్ ఒకటి, హార్డ్‌డిస్కు ఒకటి అన్న తేడా ఉండదు. మీకు విజయనగరంలో పుట్టిల్లు ఉంది. డిస్కు అక్కడ బీరువాలో ఉంచండి. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి సిరిమాను పండుగకు ఎలాగూ వెళ్తారు కాబట్టి, ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లి ఆ ఏడాదివి ఎక్కించండి. సంక్రాంతికి వెళ్తే మరోసారి. నాన్నగారు షష్టిపూర్తి వీడియో చూడాలంటే డిస్కును టీవీకి తగిలించి చూసుకుంటారు కూడా.

కొత్తది కొనాలా అన్న ప్రశ్నకు జవాబు: చోటు కోసమైతే అక్కర్లేదు. ఈ సర్దుడంతా అయ్యాక సీలో సగం ఖాళీ అవుతుందని నా నమ్మకం. రెండు మూడేళ్ల తర్వాత మళ్లీ నిండితే అప్పుడు ఎస్‌ఎస్‌డీ ఒక్కటే 512 జీబీకి మార్పించండి. చాలా ల్యాప్‌టాప్‌లలో అది స్క్రూ తీసి మార్చే ముక్కే. కొన్ని పలచటి మోడళ్లలో మాత్రం బోర్డుకు అతికించేసి ఉంటుంది, మోడల్ నంబరు చెప్పి ముందే కనుక్కోండి. మార్చేటప్పుడు ఫార్మాట్ కాకుండా క్లోన్ చేయమనండి, అంటే ఉన్నది ఉన్నట్టు కొత్తదానిలోకి దింపడం. అప్పుడు అను ఫాంట్లు, ప్రింటర్, పాస్‌వర్డులు అన్నీ యథాతథంగా వస్తాయి. ఆ పనికి ఇచ్చే ముందు మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) రికవరీ కీ ఉందేమో చూసి, ఆ 48 అంకెలూ కాగితం మీద రాసుకోండి. డిస్కు మార్చాక ల్యాప్‌టాప్ అది అడగవచ్చు. పని అయ్యాక పాత ఎస్‌ఎస్‌డీని షాపులో వదిలేయకుండా అడిగి తెచ్చుకోండి. అందులో మీ ఇంటి ఫోటోలతో పాటు మీ బడి పిల్లల మార్కుల జాబితాలూ ఉన్నాయి.